పసుపు పూసిన ఇంజను

మేం చదువుకున్న ముప్ఫైల నాటి రోజుల్లో ఇంజనీరింగు అంటే ఆవిరి. పొద్దున బాయిలరు, మధ్యాహ్నం బాయిలరు, కలలో కూడా బాయిలరే. స్కూలు షెడ్డులో ఓ మూల గోనెపట్టా కప్పుకొని ఒక ఆయిల్ ఇంజను ఉండేది గాని, దాని దగ్గరికి పోతే కసిరేవారు. "అదొక సరదా వస్తువోయ్, మీకు అన్నం పెట్టేది ఆవిరే" అనేవారు మా మేష్టారు. (దాన్ని నడపడం ఆయనకూ రాదని మాకు ఆలస్యంగా తెలిసింది.) అలా ఆవిరిని ఆపోశన పట్టి, సర్టిఫికెట్టు చంకన పెట్టుకుని ఏలూరు తిరిగొచ్చాను.

నాన్నగారు తెలిసినవారిని పట్టుకుని తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో ఉద్యోగం కుదిర్చారు. తీరా వెళ్లి చూస్తే, ఊక తిని పొగ కక్కాల్సిన బాయిలరు చల్లారి పడుంది. పక్కన కొత్త ఆయిల్ ఇంజను నిగనిగలాడుతోంది. బిగించిన కంపెనీ మనిషి ముందురోజే బెజవాడ వెళ్లిపోయాడట. "చదువుకున్నవారు మీరున్నారు కదండీ. రేపు తొమ్మిదింటికి ముహూర్తమండి" అన్నారు షావుకారు గారు. నాకిది రాదండీ అనే మాట నోటిదాకా వచ్చింది. "మావాడు ఇంజనీరు" అని నాన్నగారు ఏలూరంతా చెప్పుకు తిరగడం గుర్తొచ్చి మింగేశాను. కంపెనీవాళ్ల ఇంగ్లీషు పుస్తకంలో ఇంజను స్టార్టు చేసే పేజీ ఒక్కటే బట్టీ పట్టాను.

మర్నాడు షావుకారు గారి అమ్మగారు, అందరికీ ఆవిడ మామ్మగారు, ఇంజనుకి స్వయంగా పూజ చేశారు. "ఒక్క చోటు కూడా వదలకూడదు నాయనా, దిష్టి తగులుతుంది" అంటూ చక్రానికి, బోల్టులకి, నూనె ట్యాంకు మూతకి, కనిపించిన ప్రతి బొడిపెకీ పసుపు ముద్దగా పూసి కుంకుమ అద్దారు. నేను చక్రం తిప్పాను. ఇంజను నడిచింది. పది నిమిషాలు నడిచి, గొంతు తగ్గి, ఆగిపోయింది. ట్యాంకు మూత తీసి చూశాను. నూనె నిండుగా ఉంది. మూసేసి మళ్లీ తిప్పాను. మళ్లీ పది నిమిషాలే. నాలుగోసారి కూడా అంతే అయ్యేసరికి షావుకారు గారు గడియారం చూసుకున్నారు. "సాయంత్రం దాకా చూద్దామండి. కాకపోతే బెజవాడ మనిషికి కబురు పెట్టి, మిమ్మల్ని రైలెక్కిస్తామండి" అన్నారు. అంత మెత్తగా అన్నందుకే నాకు ఎక్కువ భయమేసింది.

గోడకానుకుని ఒక ముసలాయన నన్నే చూస్తున్నాడు. కొల్లేటి లంక మనిషి, అంతా బాయిలరు తాత అంటారు. ఇరవై ఏళ్లు ఊక పోసి బాయిలరు మండించిన కొలువు ఈ ఇంజను రాకతో పోయింది. ఇదంతా ఇతని పనేనని నాకు గట్టి అనుమానం. (ఉద్యోగం ఊడేవేళ మనిషికి ఎక్కడలేని తెలివీ పుడుతుంది.) మధ్యాహ్నానికి ఆయనే దగ్గరికొచ్చాడు.

"తప్పుగా అనుకోకండి బాబుగారూ. తమరు మూత తీసినప్పుడల్లా ఇది బతుకుతోందండి. మూసిన కాసేపటికి పోతోందండి."

"అయితే?"

"మూత మీద సన్న బెజ్జం ఉందండి. మామ్మగారు దాని మీద పసుపెట్టేశారండి. మా కొల్లేట్లో లోపల బోలుగా ఉండే తూటికాడ నీళ్లలో ముంచి, పై కొసన వేలెట్టి తీస్తే నీళ్లు కారవండి. వేలు తీస్తే జారిపోతాయండి. ఇదీ అంతేమోనండి."

అగ్గిపుల్లతో ఎండిన పసుపు పొడిచి తీశాను. ఇంజను ఆ పూట మళ్లీ ఆగలేదు. గాలి ఒత్తిడి మీద పరీక్షలో రెండు పేజీల జవాబు రాసినవాణ్ణి నేనే. సిగ్గేసింది, అంతకంటే ఆయన్ని అనుమానించినందుకు ఎక్కువ సిగ్గేసింది. ఏమైందండీ అని షావుకారు గారు అడిగితే, ఒక మంచి ఇంగ్లీషు అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "నాకు తెలియలేదండీ. తాత కనిపెట్టాడు. ఆయన లేకపోతే నేనీ ఇంజను నడపలేనండీ" అన్నాను. షావుకారు గారు ఇద్దర్నీ కొలువులో ఉంచారు. మామ్మగారు ఆనాటి నుంచి బెజ్జాన్ని వదిలేసి చుట్టూ గుండ్రంగా పసుపు రాసేవారు.

తరవాత నేనే మేష్టారునయ్యాను. కరెంటు మోటార్లొచ్చాయి, ఇంకేవేవో వచ్చాయి. "ఇది మనకి చెప్పలేదు కదండీ" అని కుర్రాళ్లు బెంగపడితే ధైర్యం చెబుతాను గాని, నాకూ అదే బెంగ. కొత్త యంత్రం ముందు నిలబడితే నా చూపు మొదట గోడకానుకున్న మనిషిని వెతుకుతుంది. ఆ రోజు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తాత అక్కడే ఉన్నాడు, ఒక్క మాట అడగలేదు అప్పటి నాలోని ఆ కుర్ర ఇంజనీరు. పాపం, గాలాడనిది ఇంజనుకే అనుకున్నాడు.