వేములవాడ ముసలాయన

నా చిన్నప్పుడు మా చిన్నాయన వారం వారం ఎవరో ముసలాయనకు డబ్బులు పంపేవాడు. ఆ ముసలాయనను మా తాత తప్ప ఇంట్లో ఇంకెవరూ చూడలేదు.

మాది సిరిసిల్ల. అప్పటికే వాడవాడలా సాంచెల చప్పుడు మొదలైంది. మరమగ్గాలను మా దగ్గర సాంచెలంటారు. చిన్నాయనకు మీసం సరిగ్గా మొలవకముందే సాంచెల మీద పని దొరికింది. వారానికోసారి కూలి చేతికొచ్చేది. సినిమాలకూ, షోకు చొక్కాలకూ, దోస్తుల చాయ్‌లకూ పోగా అతని జేబులో దువ్వెన ఒక్కటే మిగిలేది. నాకు పిప్పరమెంట్లు తేవడం మాత్రం ఎన్నడూ మరిచేవాడు కాదు. అందుకే నేనెప్పుడూ అతని పక్షమే.

మా తాత బతుకంతా ఇంట్లో గుంటమగ్గం మీద నేశాడు. చూపు మందగించి, తెగిన పోగు కనబడకుండా పోయిన రోజున మగ్గం ఆగింది. దానితోపాటే రాబడీ ఆగింది. కొడుకులు బాగానే చూసుకునేవారు. అయినా చుట్టలకు డబ్బులు కావలసినప్పుడు తాత నోరు తెరిచి అడగలేక, గడప దగ్గర నిలబడి గొంతు సవరించుకునేవాడు. ఆ చప్పుడు నాకింకా వినబడుతుంది. తన చిన్నకొడుకు కూడా ఏదో ఒకనాడు అలా నిలబడాల్సి వస్తుందేమోనని ఆయన దిగులు. ఇప్పటినుంచే ఇంత దాచుకొమ్మంటే చిన్నాయన నవ్వేసి దువ్వెన తీసేవాడు.

చెప్పీ చెప్పీ విసిగి తాత వేరే దారి పట్టాడు.

"వేములవాడల నాకు ఎరికైన ముసలాయన ఒకడుండు. నేసి నేసి కండ్లు పోయినయ్. అడుగుదామంటే సిగ్గుపడతడు. వారానికి జరంత ఇయ్యరాదు బిడ్డా" అన్నాడు.

చిన్నాయనది జాలిగుండె. మారుమాట లేకుండా ఇచ్చాడు. ఆ వారం నుంచి కూలి రాగానే ముసలాయన వాటా తాత చేతికి వెళ్లేది.

ఒకసారి చిన్నాయన మనసు ఒక చేతిగడియారం మీద పడింది. ఈసారి ముసలాయనకు లేవన్నాడు. తాత కోప్పడలేదు. "సరే తియ్, గీ వారం పస్తుండుమని చెప్త" అన్నాడు అంతే. చిన్నాయన అన్నం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని, లేచి వెళ్లి డబ్బులు తెచ్చి తాత చేతిలో పెట్టాడు. ఆ గడియారం చాలాకాలం దుకాణంలోనే ఉండిపోయింది.

అలా కొన్నేళ్లు గడిచాక రాజన్న మొక్కు తీర్చుకోవడానికి ఇంటిల్లిపాదీ వేములవాడ బయల్దేరాం. ఈసారి ముసలాయనను చూడాల్సిందేనని చిన్నాయన పట్టుబట్టాడు. ఉత్త చేతులతో ఎలా వెళ్తామని, మూలన పడ్డ తాత మగ్గాన్ని బాగుచేసి, ఎర్రంచు తువ్వాల ఒకటి తనే నేశాడు. తాత ఆ అంచును వేళ్లతో తడిమి చూశాడు.

వేములవాడలో రాజన్న గుడికి మొక్కుకున్న కోడెదూడను కట్టే ముందు తలనీలాలిచ్చారు. చిన్నాయన జుట్టు, ముచ్చటపడి పెంచుకున్న మీసం రెండూ పోయాయి. దువ్వెనకు ఇక పనిలేదని మా అవ్వ ఆటపట్టించింది. అతను మాత్రం తువ్వాల ఒళ్లో పెట్టుకుని, "ముసలాయన ఏడి బాపూ?" అని అడిగాడు.

తాత మంగలి దగ్గర అద్దం తీసుకుని చిన్నాయన ముఖం ముందు పట్టాడు.

"గీయినే."

మేమంతా నవ్వాం. చిన్నాయన నవ్వలేదు. నున్నని గుండుతో అద్దంలోని ముఖం నిజంగానే వయసు మళ్లినట్టుంది.

"నీ పైసలన్నీ పోస్టాఫీసుల భద్రంగ ఉన్నయ్. ఎవరో ముసలాయన మీదున్న జాలి గీయిన మీద లేకపాయె నీకు" అన్నాడు తాత.

ఇన్నాళ్లూ మోసం చేశావని చిన్నాయన అంతమందిలో భగ్గుమన్నాడు. తాత అంతా విన్నాడు. "నా లెక్క గడప కాడ నిలవడొద్దనే బిడ్డా" అన్నాడు చివరికి. చిన్నాయన తువ్వాలలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఎందుకో సరిగ్గా తెలియకపోయినా.

ఆ తర్వాత ముసలాయన వాటా ఎన్నడూ ఆగలేదు. సాంచెలు మూతపడి వాడంతా పరేషానైన రోజుల్లోనూ ఎంతో కొంత పక్కన పెట్టాడు. చూపు మసకబారిన కాలంలో చిన్నాయన మా వాకిట్లో ఆ ఎర్రంచు తువ్వాల భుజాన వేసుకుని దర్జాగా కూర్చునేవాడు. మందులకైనా, చుట్టలకైనా ఎవరి గడప దగ్గరా గొంతు సవరించుకోలేదు.

కుట్టుమిషను పెట్టుకుని మొదటి కూలి అందుకున్న రోజున, గాజులు కొనుక్కోకముందే, నేను ఒక ముసలమ్మకు వాటా తీశాను. ఆమె ఎలా ఉంటుందో అప్పుడు నాకు తెలియదు. ఈ మధ్య తల దువ్వుకుంటుంటే రోజూ అద్దంలో కనబడుతోంది. ఆమెను నేను పస్తు పెట్టలేదు.