అరుగు మీద చెంబెడు నీళ్ళు

మా ఎదురింటి పెద్దమ్మ పోయిన ఆదివారం పొద్దున కన్నుమూసింది. కబురు చెప్పడానికి వచ్చిన ఆమె కోడలు మా గడపలో నిలబడి, "చిన్నత్తా, అత్త పోయినారు. రాత్రి కూడా కుక్కకు పెట్టినాకనే తాను తిన్నారు" అని మా అమ్మను పట్టుకుని ఏడ్చింది.

ఆమె నాకు వరసకే పెద్దమ్మ. మాది అరవనాట తెలుగువాళ్ళ వీధి, బడిలో మాకు అరవమే. తెలుగు చదవడం నేను ఇంట్లో నేర్చుకున్నాను. కొత్త మాట ఒకటి దొరికితే చాలు, పెద్దమ్మకు చూపించాలని వీధి దాటి పరుగెత్తేదాన్ని. చింతపండు గింజలు తీస్తూనే ఆమె తలెత్తి, "తెచ్చినావా? దీన్ని కూటిలోకి నంజుకోవచ్చునా?" అని నవ్వేది. నవ్వినా ఆ మాటను రెండుసార్లు నోట్లో తిప్పి చూసుకునేది.

ఆమెను తలచుకుంటే ఆ సాయంత్రాన్ని తలచుకోక తప్పదు. యుద్ధం జరుగుతున్న రోజులు. మా ఊరి స్టేషన్లో రైలు కోసం కూర్చున్న జనం మధ్య ఎవరో బాంబు పెట్టారు. ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలియదు. చప్పుడుకు మా అటక మీది బిందెలు కదిలాయి. పెట్టినవాళ్ళు వీధుల్లోకి దూరారని ఒక పుకారు ముందుగా వచ్చింది. స్టేషనుకు పరుగెత్తవలసిన మేము తలుపులు మూసుకున్నాం. మా ఊళ్ళో చాలా ఇళ్ళలో తెల్లటి వేటకుక్కలు ఉంటాయి. వాటిని వీధిలోకి వదిలారు. మా ఇంటివాళ్ళూ మా కుక్కను వదిలారు.

అప్పుడు చొక్కా చినిగి, ఒంటినిండా నెత్తురుతో ఒక పడుచువాడు "తణ్ణి, తణ్ణి" అని అరుస్తూ వచ్చాడు. నీళ్ళడుగుతున్నాడని వీధిలో అందరికీ తెలిసింది. పెద్దమ్మ అరుగు మీద నిలబడి అతన్ని చూసింది. చూసి, స్తంభానికి కట్టిన కుక్క తాడు విప్పింది. అది అతని పిక్క పట్టుకుంది.

తర్వాత తెలిసింది, అతను పక్క ఊరు తళవాయిపురం నేతగాడని. నీళ్ళు తనకోసం కాదు, స్టేషన్లో పడి ఉన్న అక్కకోసం. ఎవరైనా ఆమె దగ్గరికి పోయేలోపలే ఆమె ప్రాణం పోయింది.

మరునాడు అరుగుల మీద మాటలు మొదలయ్యాయి.

"మాది పాత తాడు. తెగిపోయినాది" అన్నాడు పక్కింటి మామ.

"మాది గొలుసే తెంచుకునింది. ఆ చప్పుడు అట్లాంటిది గదా" అన్నాడు మా నాన్న.

పెద్దమ్మ చీపురు ఆపి చూసింది. "ఏమప్పా, ఊళ్ళో తాళ్ళన్నీ ఒకే పొద్దు పాతబడినాయా? నాది గట్టి తాడు. నేనే విప్పినాను."

ఆమె మరిది కుక్కను కాల్చేస్తానని తుపాకి తెచ్చాడు. "దానికి నేర్పించింది మనమే గదా. నన్ను కాల్చు ముందు" అని ఆమె దాని మెడ చుట్టూ చేయి వేసి కూర్చుంది.

మా అమ్మ ఓదార్చబోయింది. "స్టేషన్లో ఆ పిల్ల నీళ్ళు తాగినా పోయేదే అక్కా."

"పోయేదే. తాగి పోయేది" అంది పెద్దమ్మ.

రోజూ ఆసుపత్రిలో ఉన్న అతనికి గంజి మోసుకుపోయేది. అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు. కాలు మానాక గుడ్డల మూట నెత్తిన పెట్టుకుని, కొంచెం కుంటుతూ, సంత నాడు మా వీధి గుండా పోయేవాడు. ప్రతి సంతకూ పెద్దమ్మ కుక్కను పెరట్లో కట్టేసి, చెంబుతో నీళ్ళు పట్టుకుని అరుగు మీద నిలబడేది. అతను ఆగేవాడు కాదు. "ఎండలో పోతా ఉండాడు, పావం" అని మాత్రం అని, ఆ నీళ్ళను మొక్కకు పోసేది.

నేను పెద్ద బడికి వచ్చాక 'ఆపదలో మన ఊరి ధైర్యం' అని ఒక వ్యాసం రాశాను. తెలిసిన పెద్ద మాటలన్నీ అందులో పెట్టాను. పెద్దమ్మ చివరిదాకా విని, "మాటలకు పట్టుచీరలు కట్టినావు, బాగుండాది. మనం భయపడినామని ఎక్కడా లేదే కన్నా?" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె కోప్పడలేదు. "ఇంకొకసారి రాయి" అని చింతపండు జాడీ మూత పెట్టింది. ఇదే ఆ రాత.

నిన్న సంత. ఆమె కోడలు చెంబునిండా నీళ్ళు తెచ్చి, పట్టుకుని నిలబడే ధైర్యం లేక, అరుగు మీద పెట్టి లోపలికి పోయింది. అతను వచ్చాడు. చెంబును చూసి, తలుపు వైపు చూసి, మొదటిసారి ఆగాడు.

"ఆ అమ్మ ఏదీ?" అని అరవంలో నన్నడిగాడు.

"పోయింది" అన్నాను.

మూట దించి అరుగు మీద కూర్చున్నాడు. వీధిలో అందరం గడపల్లోంచి చూస్తున్నాం. కాసేపటికి మూట ఎత్తుకుని, కుంటుతూ పోయాడు. నీళ్ళు ముట్టలేదు.

ఆ చెంబు ఇంకా అక్కడే ఉంది. తీసి లోపల పెట్టడానికి మాలో ఎవరికీ చేయి రాలేదు.