చిన్నరాములు మట్టిమూటలు

పొద్దున బొల్లారం కంపెనీ బస్సు కోసం నిలబడే వాళ్లలో చిన్నరాములును గుర్తుపట్టడం చాలా తేలిక. అందరూ ఫోన్లు చూసుకుంటుంటే ఆయన నేల చూస్తుంటాడు. రోడ్డు పనికి పోసిన మొరం కుప్పను కాలితో కదిపి, "ఇది కంది ఊరి దిక్కు మొరం గాదు" అని తనలో తాను గొణుక్కుంటాడు. అరవై రెండేళ్లు వచ్చినా మందుల కంపెనీలో డ్రమ్ములు దొర్లించే పని ఆయనది. అంతకుముందు పదిహేనేళ్లు బావులు తవ్వాడు. బోర్లు వచ్చి ఆ పనిని మింగేశాయి గానీ, ఆ చూపును మాత్రం ఏ మిషనూ లాక్కోలేకపోయింది.

బావి పనిలో తండ్రి నేర్పిన పద్ధతి ఒకటుంది. లోపల మట్టి రంగు మారినప్పుడల్లా గుప్పెడు తీసి పాత గుడ్డలో మూట కట్టాలి. ఎన్ని మూరల లోతున మారిందో అన్ని ముళ్లు వేసిన తాడును ఆ మూటకు చుట్టాలి. నల్లమట్టికి ఒక కూలి, మొరానికి ఒక కూలి గనుక రేపు భూమి ఆసామి మాట మార్చితే ఇదే సాక్ష్యం. పని ముగిశాక అందరూ మూటలు పారేసేవారు. చిన్నరాములు పారేయలేదు. అంచులు చెక్కినట్టుండి, పిడికిట్లో ఒదిగే రాయి ఏదైనా కనిపిస్తే అది దొరికిన పొర మూటలోనే వేసి ఉంచేవాడు. పదకొండు బావుల మట్టి రేకు పెట్టెలో పేర్చుకున్న మనిషిని చూసి ఊరు నవ్వింది, నవ్వి మరిచిపోయింది.

ఆ పెట్టెను మళ్లీ వెలుగులోకి తెచ్చింది అలేఖ్య. తాతగారు కోస్తా నుంచి ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడితే, పటాన్‌చెరు కాలనీలో పుట్టి పెరిగిన పిల్ల. ఆదిమ మానవులు వాడిన రాతి పనిముట్ల మీద పరిశోధన చేస్తుంది. మూడేళ్ల కిందట పాత బావుల గురించి టీ బండి దగ్గర వాకబు చేస్తుంటే, చిన్నరాములు గ్లాసు దించి, "ఏ పొర మన్ను గావాలె బిడ్డా?" అని అడిగాడు. ఆమె ఎగతాళి అనుకుంది. ఇంటికి వెళ్లి రేకు పెట్టె మూత ఎత్తాక మాత్రం నేల మీదే కూర్చుని ఒక్కో మూటా విప్పసాగింది. ఇచ్చిన చాయ్ చల్లారి మీగడ కట్టింది.

అక్కడి నుంచి మొదలైంది ఆమె తిప్పలు. మనిషి మనిషైన కథ తేల్చడానికి ఒక్క చదువు చాలదు. రాళ్లు చదివేవాళ్లు, మట్టి వయసు కట్టేవాళ్లు, ఎముకలూ పళ్లూ చూసేవాళ్లు, జన్యువులు పరీక్షించేవాళ్లు ఒక్కచోట కూర్చోవాలి. అలేఖ్య నలుగురినీ కూర్చోబెట్టింది. నిధులిచ్చేవాళ్లే కూర్చోలేదు. రాళ్ల శాఖ ఇది జీవశాస్త్రం పని అంది, జీవశాస్త్రం వాళ్లు ఇది రాళ్ల పని అన్నారు, ఇద్దరూ చేతులు దులుపుకున్నారు. అంత చదువుకున్నవాళ్లకు ఒక మనిషిలో రాయి పట్టే చెయ్యీ నెత్తురూ రెండూ ఉంటాయని తెలియదా అని మనకు ఒళ్లు మండుతుంది. చివరికి ఢిల్లీలోని ఒక ట్రస్టు, చూసి చెబుతామంది. ఈలోగా ముత్తంగి దగ్గర చిన్నరాములు తవ్విన ఆఖరి బావి ఉన్న స్థలం గోదాముకు అమ్ముడుపోయింది. వానలు పడేదాకా ఆగుతానన్నాడు కొన్నాయన. అప్పటికి నిధులు వస్తే బావి పక్కన తవ్వకం, రాకపోతే బావి పూడ్చివేత.

ట్రస్టు తరఫున ముగ్గురు వచ్చారు. వాళ్ల పెద్ద సూర్యప్రకాశరావు, రిటైరైన ప్రొఫెసర్. చిన్నరాములు వాకిట్లో చాప మీద మూటలన్నీ పరిచారు. అలేఖ్య దరఖాస్తుకు ప్రాణం ఒకే ఒక్క రాయి. తమలపాకు ఆకారంలో ఉండే ఆ రాయి ముత్తంగి బావి అడుగు పొర మూటలో ఉంది. అంత లోతు పొరలో అలాంటి పనితనం ఉందంటే, ఇక్కడి మనుషుల కథ చాలా వెనక్కి జరుగుతుంది. దరఖాస్తు అట్ట మీద బొమ్మ కూడా దానిదే.

సూర్యప్రకాశరావు ఆ రాయిని చాలాసేపు తిప్పి చూశాడు. "రాములుగారూ, ఇది అడుగు పొరదేనని మీరు ఖాయంగా చెప్పగలరా?"

తల ఊపితే చాలు. చిన్నరాములు చాప అంచు సర్దుతూ అన్నాడు.

"అడుగున దొరికింది సారూ. గానీ అడుగు పొరది గాదు."

"అదేంటి బాబాయ్! మీరే కదా చెప్పారు?" అంది అలేఖ్య.

"యాడ దొరికిందని అడిగితివి బిడ్డా, చెప్పిన. యాడ నుంచి వచ్చిందని అడగలే." ఆయన ప్రొఫెసర్ చేతిలోని రాయి వైపు చూశాడు. "గా దినం నాలుగు మూరల కాడ ఎర్రమన్ను దరి కూలింది. కింద మా తమ్ముడు దశరథ్ ఉన్నడు. గడ్డపార ఏస్తే వానికి తగుల్తదని చేతుల్తోనే తోడిన. పానం దక్కలే. వాని ఛాతి మీది ఎర్రమన్నుల ఉండె గీ రాయి. ఆఖరి మూటల ఏసి, ఇగ మళ్ల బాయి దిగలే."

ముప్ఫై నాలుగేళ్లుగా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పి తలదించుకున్నాడు. అలేఖ్యకు కన్నీళ్లు ఆగలేదు. అవి దశరథ్ కోసమో, చేజారిన నిధుల కోసమో ఆమెకే తెలియలేదు. వచ్చినవాళ్లు మిగతా మూటలు ఒక్కొక్కటే విప్పి, ముళ్లు లెక్కపెట్టి, రాసుకుని కారెక్కారు.

ఇరవై రోజులకు ఉత్తరం వచ్చింది. అట్ట మీది రాయి లెక్కలోకి రాదని మొదటి వాక్యంలోనే రాశారు. కానీ తన దగ్గరున్న అన్నిటికన్నా గొప్ప రాయిని తానే కాదన్న మనిషి, మిగిలిన నలభై రాళ్ల గురించి చెప్పింది తాము నమ్ముతున్నామని, మూడేళ్లకు నిధులు ఇస్తున్నామని ఆ కింద ఉంది. అలేఖ్య ఉత్తరం పట్టుకుని బస్సు స్టాపుకు పరుగెత్తింది. అబద్ధానికి ఒక్క తల ఊపు ఖర్చు కూడా పెట్టని ఇలాంటి మనిషిని మనం రోజూ బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని గమనించనైనా గమనించం.

తవ్వకం మొదలైన రోజు అలేఖ్య ప్రతి రాయికీ చీటీ రాసింది. తమలపాకు రాయి వంతు వచ్చింది. పొర: ఎర్రమన్ను. లోతు: నాలుగు మూరలు. కనుగొన్నవారు అన్నచోట చిన్నరాములు పేరు రాయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా పేరొద్దు బిడ్డా. దశరథ్ అని రాయి. నాకన్న ముందు దొరికింది వానికే గద."