మామా కొనని మాత్రలు

జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో నేను వంట చేసేదాన్ని, నా భర్త కారు నడిపేవాడు. మాకు జ్వరమొచ్చినా, పన్ను నొప్పి వచ్చినా ఆసుపత్రి ఖర్చంతా ఇంటి యజమానురాలే పెట్టేది. అక్కడి అలవాటు ప్రకారం ఆమెను మామా అని, అంటే అమ్మ అని పిలిచేవాళ్లం.

నా రెండు కాన్పులూ ఆపరేషన్లే. మూడోది ప్రాణానికే ప్రమాదమని డాక్టరమ్మ గర్భం రాకుండా మాత్రలు రాసింది. మందుల షాపులో మామా బలం మందులు తీసుకుని, ఆ మాత్రలు మాత్రం వెనక్కి ఇచ్చేసింది.

"ఇది హరామ్, మా మతంలో పాపం. బిడ్డల్ని ఇచ్చేది దేవుడు. నా చేత్తో అడ్డుపడలేను," అంది.

"మనమే కొనుక్కుందామా?" అని ఆ సాయంత్రం నా భర్తను అడిగాను.

"వద్దుమే. మామాకు తెలిస్తే ఇద్దర్నీ ఊరికి పంపిచ్చాది."

నేనూ భయపడి ఊరుకున్నాను.

మరుసటి ఏడు మళ్లీ కడుపొచ్చి, ఐదో నెలలో పోయింది. రక్తం ఆగకపోవడంతో గర్భసంచి తీసేశారు. ఆ సంగతి డాక్టరమ్మ మా ఇద్దరికే చెప్పింది. అది తెలియని మామా నా మంచం పక్కన కూర్చుని, సూప్ తాగిస్తూ, నాకంటే ఎక్కువ ఏడ్చింది.

"దేవుడు మళ్లీ ఇస్తాడు," అంది.

ఇక ఇవ్వడని తెలిసీ తల ఊపాను. కోలుకున్నాక మళ్లీ ఆ వంటింట్లోకే వెళ్లాను.