కంట్లో పడ్డది దుమ్ము కాదు

కిరండుల్ రైలు లైన్లో గనుల కొండ నుంచి ఇనుప రాయి గూడ్సు బండ్లు నడిపేవాళ్ళకి కంట్లో ఏం పడినా దుమ్మే. ఎడమ కంటి ముందు నల్లటి నలుసులు తేలుతుంటే నేనూ చన్నీళ్ళు కొట్టుకుని, "కొండ సగం నా కంట్లోనే ఉంది" అని నవ్వేసేవాణ్ణి. మా ఆవిడ నవ్వలేదు.

"దుమ్మయితే కడిగితే పోదేటి? సుగరు సూపించుకోండి."

"నీకు అన్నిటికీ షుగరే" అని కసిరాను. మాత్రలు మానేసి ఆర్నెల్లయిందని ఆమెకు తెలియదు.

మా పనిలో ఒక పద్ధతుంది. సిగ్నల్ కనబడగానే డ్రైవరూ అసిస్టెంటూ ఇద్దరూ చెయ్యి చాపి రంగు పైకి చెప్పాలి. ఒకరి కన్ను తప్పినా రెండోవారి కన్ను ఉంటుందని. వానాకాలానికి నా కుడి కన్ను కూడా మసకబారింది. అసిస్టెంటు "గ్రీన్" అన్నాక నేనూ "గ్రీన్" అనడం మొదలుపెట్టాను. సిగ్గులేని పని.

ఒకరోజు సొరంగం దాటగానే అసిస్టెంటుకి దగ్గొచ్చింది. మాట రాలేదు. నేనూ నోరు విప్పలేదు. ఎదురుగా ఉత్త వెలుగు ముద్ద, రంగు లేదు. వెనక ఇనుప రాయి నిండిన బండి.

"ఎల్లో, గురూగారూ!" అని అరిచాడు.

బ్రేకు వేశాను. తర్వాతి ఎర్ర సిగ్నల్ దగ్గర బండి ఆగింది. మర్నాడే సెలవు పెట్టాను.

జగదల్‌పూర్లో కంటి డాక్టరు కంట్లో చుక్కలేసి, లైటు పెట్టి చాలాసేపు చూశాడు. అవి దుమ్ము నలుసులు కావట, రక్తమట. షుగర్‌కి కంటి వెనక పొరలో సన్నటి నాళాలు పాడై చిట్లాయట. లేజరు చేస్తే ఉన్న చూపు నిలవొచ్చు, పోయింది వస్తుందని మాటివ్వలేనన్నాడు. కంట్లోకి సూది కూడా వెయ్యాలన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

సూదులూ లేజరూ అయ్యాక రైల్వే డాక్టరు దగ్గర చూపు పరీక్ష. గది చీకటి చేసి దూరంగా చిన్న దీపం వెలిగించారు. ఈ పరీక్ష పోతే ఇంజను ఎక్కనివ్వరు. ఇరవై రెండేళ్ళుగా నాకు వచ్చిన పని అదొక్కటే. అలవాటుగా పక్కనుంచి ఎవరో ముందు చెబుతారని ఆగాను. ఎవరూ చెప్పలేదు.

"ఏ రంగు?" అని డాక్టరు మళ్ళీ అడిగాడు.

మూడు రంగుల్లో ఏదో ఒకటి అనేస్తే తగలొచ్చు. ఆ సొరంగం గుర్తొచ్చింది.

"కనబడట్లేదండీ" అన్నాను.