ఫిలాగ్రోస్ గొర్రెతోలు మెత్త

ఏథెన్స్ ఓడరేవు పిరయస్‌లో తెడ్డు వేసేవాడికి ఇల్లూ వాకిలీ లేకపోవచ్చు గానీ, కింద వేసుకుని కూర్చునే గొర్రెతోలు మెత్త మాత్రం ఉంటుంది. ఎవడిది వాడే చంకన పెట్టుకుని ఓడెక్కుతాడు. ఫిలాగ్రోస్ నౌకాధిపతి అయ్యాక కూడా ఆ మెత్త వదల్లేదు. అది చూస్తే గొప్పింటి దొరలకు ఒళ్లు మంట. మండనీ, మాకేం?

ఆయన తండ్రి వలలల్లేవాడు. ఫిలాగ్రోస్ మాతోపాటు అడుగు వరుసలో తెడ్డు పట్టాడు. పై రెండు వరుసలవాళ్ల చెమట మా నెత్తిమీదే కారేది. తర్వాత చుక్కాని పట్టాడు. ఎవడి కాళ్లూ పట్టలేదు. చివరికి కొండమీది సభలో ఏథెన్స్ జనమే చేతులెత్తి ఆయన్ని ఓడలన్నిటికీ అధిపతిని చేశారు.

ఆ ఏడాది ఖియోస్ దీవి అవతల శత్రువుల్ని చితక్కొట్టాం. మిగిలినవాళ్లు పారిపోతున్నారు. అంతలో తుఫాను లేచింది. మా ఓడ పగిలి, నేనో పలకను కావలించుకుని నీళ్లలో తేలుతున్నాను.

"శత్రువులు పోతే పోనీ! మనవాళ్లు మునిగిపోతున్నారు, వెనక్కి తిప్పండి!" అని అరిచాడు ఫిలాగ్రోస్. తనే వంగి నా జుట్టు పట్టి పైకి లాగాడు.

"ఒరే మిక్కోస్! నీ ఉల్లిపాయ కంపుకి సముద్రం కూడా నిన్ను మింగలేకపోయిందిరా!"

ఊరికొస్తే దండలేస్తారనుకున్నాం. ఆయనమీద నేరం మోపారు! ఒంటికి ఏనాడూ ఉప్పునీళ్లు తగలని గొప్పింటి దొర ఆంటిమెడోన్ సభలో లేచాడు.

"చేతికి చిక్కిన శత్రువుల్ని వదిలేశాడు. ఎవరికోసం? కూలీల కోసం! తప్పయిందని ఒప్పుకో, పదవి ఉంటుంది."

ఒడ్డున కూర్చున్నవాడు ఎన్నయినా చెబుతాడు. ఫిలాగ్రోస్ ముందుకొచ్చాడు.

"తప్పా? మళ్లీ పంపండి, మళ్లీ వెనక్కే తిప్పుతా. ఆ కూలీలే లేకపోతే ఓడని నీ నోటితో నడుపుతావా, ఆంటిమెడోన్?"

జనం పగలబడి నవ్వారు. నవ్వి కూడా ఆయన్ని తీసెయ్యడానికే చేతులెత్తారు. మావాళ్లలో సగంమంది సభకి రాలేక ఓడల దగ్గరే ఉండిపోయారు. ఎంత ఏడుపొచ్చిందో నాకు! ఆ పదవి ఆంటిమెడోన్‌కి ఇచ్చారు.

వసంతంలో ఓడలు బయల్దేరే రోజున ఫిలాగ్రోస్ మెత్త చంకన పెట్టుకుని వచ్చి మా వరుసలో నిలబడ్డాడు. ఆంటిమెడోన్ ముఖం వెలిగిపోయింది.

"ఎక్కించండ్రా, అడుగున కూర్చోబెట్టండి. రోజూ చూసి నవ్వుకుంటా."

ఆయన నా వెనకే కూర్చున్నాడు. చెయ్యి తప్పి తెడ్డు నా తెడ్డుకి కొట్టుకుంది.

"ఏమయ్యా అధిపతీ, మర్చిపోయావా? నా వీపు చూసి లాగు!" అన్నాను.

"సరేలేరా, ఉల్లిపాయా," అని నవ్వాడు.

సామోస్ దీవి దాటాక పెద్ద అల కొట్టి, తెరచాప సర్దుతున్నవాడొకడు సముద్రంలో పడ్డాడు. దూరంగా శత్రువు ఓడ కనిపిస్తోంది. "ఆగొద్దు! వెంటపడండి!" అని పైనుంచి ఆంటిమెడోన్ కేక పెట్టాడు.

నా వెనక తెడ్డు చప్పుడు ఆగిపోయింది. నేనూ ఆపాను. మూడు వరుసల్లోనూ తెడ్లు నీళ్లలోంచి పైకి లేచాయి.

"లాగండ్రా! మిమ్మల్ని కాదూ!"

"నోటితో నడుపుకోండి దొరా!" అని నేనే అరిచాను. ఓడంతా గొల్లున నవ్వింది.

ఆంటిమెడోన్ ఇంకా తిడుతూనే ఉన్నాడు. చుక్కాని పట్టినవాడు ఓడని వెనక్కి తిప్పాడు.