గాలికన్నాలు మూసిన మేడ

చల్లపల్లికి దిగువన ఉన్న ఆ పురుళ్ల ఆస్పత్రికి ఒకప్పుడు పై అంతస్తు ఉండేది. టేకు దూలాల మీద ఆశతో పబ్లిక్ వర్క్స్ వాళ్లు దాన్ని కూల్చారని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ అంటారు. మొన్న ఒక పెద్దమనిషి నా ఎదుటే అన్నారు. ఆనాటి తనిఖీకి వెళ్లినవారిలో మిగిలింది నేనొక్కణ్ణే కాబట్టి జరిగింది రాసిపెడుతున్నాను.

1946 అక్టోబరులో నేను బెజవాడ సబ్‌డివిజన్‌లో ఓవర్సీరుని. ఓవర్సీరంటే కట్టడాన్ని చూసి, కొలిచి, పైకి రాసేవాడు. తేల్చే అధికారం అసిస్టెంటు ఇంజనీరుది. ఆ ఊరి చిన్న జమీందారు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తమ మేడను ఆస్పత్రికి ఉచితంగా ఇస్తామని సర్కారుకు రాశారు. ఆవిడ ఒక్కగానొక్క కూతురు నొప్పులు పడుతూ, బందరు తీసుకువెళుతుంటే దారిలో పడవలోనే పోయింది. మేడ మీద మంచాలు వేస్తే అంతస్తు ఆగుతుందో లేదో చూసి రమ్మని నాకు ఉత్తర్వు వచ్చింది.

నేను కాలేజీ మెట్టెక్కలేదు. ఓవర్సీరు పరీక్షకు మించిన చదువంతా బెజవాడ గ్రంథాలయంలో సాయంత్రాలు కూర్చుని సంపాదించుకున్నదే. ఆ మేడకు ప్లాను గీసిన దొర మద్రాసులో పెద్ద పెద్ద సర్కారు భవనాలు కట్టిన ఆర్కిటెక్టు. ఆయన పనితనం మీద ఉన్న ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఆయన కట్టిన ఇల్లు చూడబోతున్నానని నేనుండే పటమట నుంచి బయలుదేరినప్పుడు నాకు గర్వంగానే ఉంది.

మేడ బయటికి దర్జాగా ఉంది. లోపల అడుగు పెడితే తడిసిన గోనెపట్టా వాసన. కుర్చీలన్నీ గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. మధ్యాహ్నం పూట కూడా హాలులో దీపం వెలిగించాల్సి వచ్చింది.

అంతస్తు బలం తెలుసుకోవడానికి దాని మీద బరువు పేర్చి, దూలం ఎంత వంగిందో కింద నుంచి కొలుస్తాం. మామూలుగా ఇసుక బస్తాలు వాడతాం. అక్కడ ఆవిడ తమ కొట్లోని ధాన్యం బస్తాలే పైకి మోయించారు. పేర్చే ముందు దూలం గోడలోకి దిగిన చోట చూడాలి. మా వడ్రంగి వీరాచారి నిచ్చెన ఎక్కి అక్కడ చెక్కకు కన్నం పెట్టే బరమా పెట్టి తిప్పాడు.

"ఇదేందండీ, అరటి బోదెలోకి దిగినట్టు దిగిపోతావుంది!" అన్నాడు.

రెండో దూలమూ అంతే. మూడోది మరీ అన్యాయం. బస్తాలు దించెయ్యమన్నాను.

ఆవిడ మరిది రంగారావు గారికి మేడ ఇవ్వడం మొదటినుంచీ ఇష్టం లేదు. "బస్తాలకే వణికిపోతే రేపు బాలింతల్నేం ఎక్కిస్తారండీ? బెజవాడలో మీకు పుస్తకాల ఓవర్సీరని పేరంటగా!" అన్నారు. కూలీలు నవ్వారు.

నేను బయటికి వెళ్లి గోడ చూశాను. దూలపు కొస చుట్టూ గాలి ఆడాలని ఆ దొర ప్రతి దూలానికీ బయటి గోడలో చిన్న కన్నం ఉంచుతాడని చదివాను. కన్నాలున్న చోట గుండ్రటి సున్నపు మచ్చలు వరసగా కనిపించాయి. అన్నీ పూడ్చేశారు. ఆరే దారి లేక కొసలు గోడ చెమ్మకు కుళ్లిపోయాయి.

లోపలికి రాగానే ఆవిడ, "ఎందుకు పుచ్చినయ్యండీ?" అని అడిగారు.

"పాతబడిందిలే వదినా. మనకి మాత్రం వయసు రాలా?" అన్నారు రంగారావు గారు.

"నిన్ను కాదయ్యా అడిగింది. ఓవర్సీరు గారూ, మీరు చెప్పండి."

చెప్పాను. రంగారావు గారు తల వంచుకున్నారు. ఆవిడ గోడ వంక చూస్తూ చెప్పారు.

"పదిహేనేళ్ల కిందట, అమ్మాయి చనిపోయిన ఏడాదే మూయించాను. ఆ కన్నాల్లో గబ్బిలాలు చేరినయ్యి, అందుకే ఇంటికి కీడు జరిగిందన్నారు. అప్పటి మేస్త్రి వద్దమ్మా అంటున్నా నేనే దగ్గర నిలబడి మూయించాను." ఆ వెంటనే, "కింది గోడలు గట్టివేనా?" అన్నారు.

గట్టివేనన్నాను.

"అయితే పైది దించెయ్యండి. ఆస్పత్రి మాత్రం ఆగకూడదు."

అసిస్టెంటు ఇంజనీరు వచ్చి ఒక్కొక్క దూలాన్నీ మళ్లీ పరీక్షించారు. యుద్ధం ముగిసినా సిమెంటు కంట్రోలులోనే ఉంది, అంత పొడవు టేకు దొరికేది కాదు. కొత్త దూలాలు వేసే వీల్లేక పై అంతస్తు విప్పి, కింది గదులకు పెంకులు వేశాం. విప్పిన దూలాల కొసలు పిడికిట్లో నలిగిపోయాయి. గట్టిగా మిగిలిన ముక్కలు ఆస్పత్రి తలుపులకే సరిపోయాయి. అనుకున్న మంచాల్లో సగమే పట్టాయి. తక్కిన సగానికి రావలసిన ఆడవాళ్లు ఆ తర్వాత కూడా పడవల్లోనే బందరు వెళ్లారు.

ప్లాను చదివితే కట్టినవాడి ఉద్దేశం తెలుస్తుంది. ఆ తర్వాత ఇంటికేం జరిగిందో అందులో కాపురమున్నవారినే అడగాలి. ఆ పని తర్వాత ఏ పాత భవనం తనిఖీకి వెళ్లినా, కొలతల టేపు విప్పక ముందే, ఇక్కడ ఏమేమి మూశారు, ఎందుకు మూశారు అని అడిగేవాణ్ణి.

ఈ పనిలో సాయపడిన వడ్రంగి వీరాచారికి, విప్పేటప్పుడు ఒక్క ఇటుకా మనిషి మీద పడనివ్వని మేస్త్రి మస్తాన్‌కు, నాకు పుస్తకాలు వెతికిచ్చిన గ్రంథపాలకుడు సుబ్బారావు గారికి, ఇష్టం లేకపోయినా పెంకులకు తన బండ్లు పంపిన రంగారావు గారికి కృతజ్ఞతలు. కారణం అడిగి, విన్నాక కూడా ఇచ్చినమాట వెనక్కి తీసుకోని రాజ్యలక్ష్మమ్మ గారికి నమస్కారం.